వదినగారి వాకరు

కుక్క కబురు మా ఇంటికి మొదట మోసుకొచ్చింది మా చిన్న తోడికోడలు. అది ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, నిన్న మా చర్చి సంఘంలో ఒకావిడ వచ్చి, "మీ వదినగారి వాకరు ఖాళీగానే ఉంటుంది కదండీ, మా అత్తగారు మంచం దిగలేకపోతున్నారు, ఇస్తారా?" అని అడిగింది. అడగవలసిన మాటే. వదినగారు వెళ్ళిపోయాక ఇంట్లో దాన్ని పట్టుకుని నడవవలసిన మనిషి లేదు. అయినా నేను వరండాలో పడుకున్న కుక్క వంక చూస్తూ నిలబడ్డాను.

మా వారు పోయాక ఉయ్యూరు ఇంట్లో ఆయన అక్కగారు, నేను, ఇద్దరమే మిగిలాం. వదినగారికి మోకాళ్ళు పనిచేసేవి కావు. నోరు మాత్రం రెండింటి పనీ చేసేది. ఆవిడను లేపడం, స్నానం, మందులు, వంట, మళ్ళీ లేపడం, సాయంత్రానికి నా నడుము నాది కాదు. మోకరించి ప్రార్థన మొదలుపెడితే అక్కడే కునుకు పట్టేది. దేవుడు అర్థం చేసుకుంటాడులే అనుకుని లేచి పక్క వేసుకునేదాన్ని. నేను బడి మొహం చూడలేదు. మా నాన్నగారు బైబిలు ముందు పెట్టుకుని ఇంట్లోనే అక్షరాలు నేర్పారు, పడుకునే ముందు ఆ రోజు జరిగిన మేలు ఒకటి తలుచుకోవాలని కూడా నేర్పారు. ఆ రోజుల్లో ఆ ఒక్కటీ వెతుక్కోవడానికే చాలాసేపు పట్టేది.

అలాంటప్పుడు బెజవాడ నుంచి తోడికోడలి ఫోను. వన్ టౌన్‌లో ఉల్లిపాయల గోడౌను వెనక ఎవరో కుక్కను కట్టేసి పోయారట. రెండు కళ్ళూ పోయాయట. చూపు రాదని డాక్టరు చెప్పేశాడట. తన ఇంటి ఓనరు కుక్కంటే ఒప్పుకోడట. "నా వల్ల కాదమ్మా," అన్నాను. ఆదివారం ఆరాధన అయి ఇంటికొచ్చేసరికి గేటు ముందు తనే ఆటో దిగుతోంది, చేతుల్లో దుప్పటి, దుప్పట్లో కుక్క. "ఒక్క వారం అక్కా, ఈలోపు ఎవరో ఒకరు తీసుకుంటారు," అంది. ఆ వారం ఇంకా పూర్తి కాలేదు. వదినగారు మంచం మీంచే తల తిప్పి, "లేవలేనిదాన్ని నేనున్నాను, చూడలేనిది ఇదొచ్చింది. వినపడనిదాన్ని కూడా తెస్తే గేటుకి ఆసుపత్రి బోర్డు కట్టేయొచ్చు," అన్నారు.

మొదట్లో వాడు అడ్డొచ్చిన ప్రతిదానికీ మూతి కొట్టుకునేవాడు. తర్వాత బియ్యం డబ్బా, మంచం కోడు, గడప, ఒక్కొక్కటీ వాసన చూసి ఇల్లు నేర్చుకున్నాడు. అన్నిటికంటే ముందు నేర్చుకున్నది వదినగారి వాకరు చప్పుడు. ఆవిడ టక్కు టక్కుమని వరండాకి నడుస్తుంటే ఆ చప్పుడు పట్టుకుని వెనకే వెళ్ళేవాడు. "ఏంటే వీడు, సీఐడీలాగా నా వెనకే," అని విసుక్కునేవారు. వాడు వెనకబడితే మాత్రం ఆగేవారు. పెరుగన్నంలో సగం ఎటు పోతోందో నాకు తెలియదనుకునేవారు. దొరగారు అని పేరు పెట్టింది కూడా ఆవిడే.

చెరకు ఆడే రోజుల్లో సంఘమంతా ఒకరింట్లో చేరి ప్రార్థించే గృహ కూడిక వంతు మా ఇంటికి వచ్చింది. ఊరంతా బెల్లప్పాకం వాసన. సంఘం ఇంటికి వస్తోందంటే మావాళ్ళు ఎవరైనా చేసేది ఒకటే: మంచాలు పెరట్లోకి, సామాను గోడవారకి, గచ్చంతా ఫినాయిల్, ఆ పైన చాపలు. దేవుని పని కదా అని నేను ఇంకో మూత ఎక్కువే పోశాను. ఆ కడగడంతో వాడి ఇల్లు చెరిగిపోతుందని ఎవరికీ తోచలేదు, వదినగారికి కూడా. ఎవరికి జరిగిన మేలు వాళ్ళు చెప్పే సాక్ష్యాల వేళ నేను లేచి, ఆ మూగజీవిని మాకిచ్చినందుకు దేవునికి స్తోత్రం చెప్పాను. అందరూ ఆమేన్ అన్నారు. వాడప్పటికే ఇంట్లో లేడు.

టీ గ్లాసులు పంచుతున్నప్పుడు తెలిసింది. గేటు బార్లా తీసి ఉంది. బయట ఫ్యాక్టరీకి వెళ్ళే చెరకు ట్రాక్టర్లు వరసకట్టి ఉన్నాయి, కదులుతూ, ఆగుతూ. ఆ చక్రాల మధ్య ఎక్కడో చూపులేని కుక్క. సంఘమంతా రోడ్డు మీదికొచ్చి "దొరగారూ, దొరగారూ" అని పిలుస్తుంటే ఒక డ్రైవరు కిందికి వంగి, "ఎంత వయసుంటుందండీ ఆయనకి?" అని అడిగాడు. నాకు నవ్వే ఓపిక లేదు, నడిచే ఓపికా లేదు. మురుక్కాలువ గట్టు మీద కూలబడ్డాను.

అప్పుడు గేటు దగ్గర టక్కుమంది. వదినగారు. ఆవిడ ఆ గేటు దాటి ఎన్నాళ్ళయిందో. "పాస్టరుగారూ, అందర్నీ కాసేపు నోరు మూసుకోమనండి. ఇంతమంది అరిస్తే వాడికేం తెలుస్తుందండీ?" అన్నారు. పాస్టరుగారే ముందు ఊరుకున్నారు. తర్వాత వెళ్ళి డ్రైవర్లను బతిమాలి ఇంజన్లు ఆపించారు. ఆవిడ కాలువ మీది సిమెంటు పలక మీద వాకరు ఎత్తి కొట్టారు. మళ్ళీ కొట్టారు. కాసేపటికి ఒక ట్రాక్టరు కింద నుంచి, వీపంతా చెరకు ఆకులతో, మూతి నేలకానించి వాడొచ్చాడు. ఆగి, విని, ఇంకాస్త ముందుకొచ్చి, వాకరు కాలికి తల ఆనించాడు. "ఏరా, కూడిక ఎగ్గొట్టి షికారుకెళ్ళావా?" అన్నారు వదినగారు. ఆ తర్వాత చాలా రోజులు కాలు కింద పెట్టలేకపోయారు. ఆ నొప్పి ఎందుకొచ్చిందో మాత్రం ఒక్కసారీ అనలేదు.

మొన్న వానాకాలంలో ఆవిడ ప్రభువు దగ్గరికి వెళ్ళారు. వాడు మంచం కిందే ఉండిపోయాడు, గిన్నె ముందు పెట్టినా లేవలేదు. ఏం చేయాలో తెలియక నేనే వాకరు పట్టుకుని టక్కు టక్కుమని వరండాకి నడిచాను. లేచి వచ్చాడు. అప్పటినుంచి రెండు పూటలా నడుస్తున్నాను. నిన్న వాకరు కోసం వచ్చినావిడకు ఇదంతా చెప్పి, "ఖాళీగా లేదండీ, మీ అత్తగారికి ఇంకొకటి ఇద్దరం కలిసి చూద్దాం," అన్నాను. ఆవిడ కుక్క వంక చూసి తలూపింది.

వాడికీ వయసు మీద పడుతోంది, నాకూ పడుతోంది. కాలం మనుషుల్ని పట్టుకుపోయినా, వాళ్ళ చప్పుడు ఇంకొన్నాళ్ళు ఇంట్లో ఉండనిస్తుంది, అదీ మేలే. మీ ఇంట్లో కూడికకు సామాను జరిపేటప్పుడు, దాంతో దారి తప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో చూసుకుని, మా వదినగారిని ఒక్కసారి తలుచుకోండి.