మరిది చేసిన చినుకు చప్పుడు

“ఆపీ బాబూ! మూకుడు అడుగు గీకినట్టుంది.”

“గీకుడు కాదొదినా, చినుకు. ఇంకా సన్నగా రావాల.”

“ఇంకానా? కరెంటు దండగ! ఈదిలో కుక్కలు పారిపోతన్నాయి.”

నా మరిది బిలాస్‌పూర్ రైల్వే డీజిల్ షెడ్‌లో ఫిట్టరు. ఏ వాయిద్యంలోనూ లేని చప్పుడు తానే తయారుచేస్తానని పాత కంప్యూటరు కొన్నాడు. డ్యూటీ దిగగానే తెర మీది మీటలు మౌసుతో తిప్పుతూ, చూపుడువేలు ఎత్తి, “ఇంకా” అనేవాడు.

ఏళ్ళ తరబడి ఇంజన్ల హోరులో ఉండి అతనికి సన్నని చప్పుళ్ళు వినబడటం మానేశాయి. ఆ సంగతి అతనికి తప్ప మా క్వార్టర్‌లో అందరికీ తెలుసు. తనకు వినబడేదాకా ఆ కీచును పెంచుకుంటూ పోయేవాడు. ఎవరు చెప్పినా, “మీకు సంగీతం తెలీదు” అని నవ్వేవాడు.

దుర్గాపూజ ఆర్కెస్ట్రా పెద్ద వచ్చి వింటానన్నాడు. నచ్చితే తన జట్టులో చేర్చుకుంటానన్నాడు. మరిది ఆశంతా దానిమీదే. అందుకే ఆ సాయంత్రం నా మాట అతని చెవికెక్కలేదు.

మర్నాడు పొద్దున్నే ఆ పెద్దమనిషి వచ్చాడు. మరిది చప్పుడు మొదలుపెట్టి, కళ్ళు మూసుకుని వింటున్నాడు. ఆయన చెవులు మూసుకుని, “బంద్ కరో భాయ్” అంటూ లేచి వెళ్ళిపోయాడు. మరిది కళ్ళు తెరిచేసరికి కుర్చీ ఖాళీ.

“వదినా, ఆయన ఏటన్నాడు?”

టిఫిన్ డబ్బా చేతికిచ్చాను. డ్యూటీకి వెళ్ళిపోయాడు.