తేరిన నీళ్లు, తెర్లిన నీళ్లు

నిన్న మా మనవరాలు, మేం బతకడానికి వలసొచ్చిన ఈ హిందీ ఊరి పక్కనున్న దల్మా కొండకు వెళ్తూ సంచీ నిండా నీళ్ల సీసాలు సర్దుకుంటుంటే, అవి అయిపోతే వాగు నీళ్లు కాచుకోవడం తెలుసా అని అడిగాను. ఫోన్‌లో చూసుకుంటానంటూ హిందీలో జవాబిచ్చి వెళ్లిపోయింది. నా ఒళ్లు మండింది.

డెబ్భయ్యో దశకం చివర్లో, పచ్చకామెర్లతో మంచం పట్టి అప్పుడప్పుడే లేచిన మా అక్క మొక్కు తీర్చడానికి బావా నేనూ ఆమెను వెంటబెట్టుకుని ఆ కొండే ఎక్కాం. దిగేటప్పుడు బావ నమ్మించిన అడ్డదారి మమ్మల్ని ఎటో దింపేసింది, తెచ్చిన నీళ్లు అయిపోయాయి, ఎండకు అక్క పెదాలు పగిలిపోయాయి.

చివరికి ఎండిన వాగులో ఒక గుంట కనబడింది, నీళ్లు టీ రంగులో ఉన్నాయి. వానాకాలం మా బస్తీ బావి నీళ్లకు వాడే చిల్లగింజ అక్క కొంగు ముడిలో ఎప్పుడూ ఉండేది. నీళ్లు తువ్వాలుతో వడకట్టి, గింజను రాతిమీద అరగదీసి కలిపితే, కాసేపటికి మడ్డంతా అడుక్కి దిగి పైన అద్దంలా తేరాయి.

"తేరిపోనాయి కదా, తాగీ" అన్నాడు బావ.

మావాళ్లందరి పొరపాటూ అదే, తేరితే చాలు మంచినీళ్లేననుకోవడం. బడికి సరిగా పోకపోయినా, ఇక్కడి సాక్చి బజారులో శనగలు కట్టిచ్చిన కాగితాన్ని కూడా వదలకుండా చదివినవాణ్ణి కనుక, గింజ మడ్డిని దించుతుందే గాని రోగాన్ని దించదని, కామెర్ల మనిషికి పొయ్యిమీద కాగి తెర్లిన నీళ్లే ఇవ్వాలని అడ్డుపడ్డాను. మా ఇద్దరి దగ్గరా అగ్గిపెట్టె లేదు. మీ అయ్య తెత్తాడేటి అని బావ ఎగతాళి చేశాడు.

గ్లాసు నోటిదాకా తెచ్చుకున్న అక్క ఆగిపోయింది. తలొంచుకుని రొంటిలోంచి అగ్గిపెట్టె, సగం కాలిన చుట్ట తీసి మా ముందు పెట్టింది. నిప్పు నోట్లో ఉంచుకుని కాల్చే అడ్డపొగ మా సొంతూళ్ల వైపు ఆడవాళ్లకు అలవాటే. జబ్బు చేశాక మానేశానని ఆమె బావకు ఒట్టేసి ఉంది.

"మానీసినానన్నావు కదేటే?"

"తాగినాక తిట్టుదువులే. ముందు పుల్లలేరు."

ఏరాడు. టిఫిన్ గిన్నెలో నీళ్లు బుడబుడా తెర్లాక దించాం. ఇక తిట్లు మొదలవుతాయనుకుంటే, నీళ్లు చల్లారేదాకా బావ తువ్వాలుతో విసురుతూనే కూర్చున్నాడు. పొగవాసన కొట్టే ఆ నీళ్లు తాగి అక్క కళ్లు మూసుకుంది. కామెర్లు తిరగబెట్టలేదు.

ఇప్పుడు దాహం వేసిన క్షణానే తీరిపోతోంది, సంతోషమే. కానీ ఒక మనిషి దాహం తీరడానికి ఇంటిల్లిపాదీ గిన్నె చుట్టూ కూర్చుని ఎదురుచూడటం మాత్రం నేను మళ్లీ చూడలేదు.