తులసి పక్కన క్రిస్మస్ చెట్టు

నాకు కోపం ముందు, ఆలోచన తర్వాత. మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. పోయిన డిసెంబరులో ఆ కోపం ఒక మొక్క కారణంగా మా అమ్మ మీద పడింది. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతుంటాను.

మొక్క మాది కాదు, పక్కింటి ఆంటీది. ఆవిడ ఆంగ్లో ఇండియన్. భర్త గూడ్సు బళ్ళ మీద గార్డుగా చేసేవాడు, ఇప్పుడు లేడు. నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో ఉన్నప్పటి నుంచీ మేం ఇరుగుపొరుగు. రిటైరయ్యాక నాన్నా ఆయనా సుభాష్‌పల్లిలో కూడా గోడ కలిసేలా ఇళ్ళు కట్టుకున్నారు. ఆంటీ తెలుగు మా అమ్మ దగ్గర నేర్చుకున్నదే కాబట్టి ఆవిడదీ శ్రీకాకుళం యాసే. నాకు ఎక్కాలు రాకపోతే చెవి మెలేసి నేర్పించిందీ, ఏటా మొదటి కేకు ముక్క నాకే పెట్టిందీ ఆవిడే.

ఇన్నేళ్ళూ వాళ్ళింట్లో పండక్కి అట్టపెట్టెలోంచి తీసి విప్పే ప్లాస్టిక్ చెట్టే. పోయినేడు రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ చేయించుకోవడానికి కలకత్తాలో చెల్లెలి దగ్గరికి వెళ్ళబోతూ నన్ను పిలిచింది.

"కొత్త కల్లతో మొదటి పండగరా. ఈసారి పాణమున్న సెట్టుని సూడాల" అంది.

స్కూటర్ మీద ఎక్కించుకుని హిజ్లీ వైపు నర్సరీకి తీసుకెళ్ళాను. కంటికి సరిగ్గా ఆనక, కొమ్మలు చేత్తో తడిమి తడిమి, నడుమెత్తు మొక్క ఒకటి ఎంచుకుంది. తెరిచిన గొడుగులు ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు ఐదు వరసల కొమ్మలు. "జొల్ కొమ్ దేబేన్, దాదా" అన్నాడు నర్సరీ ఆయన బెంగాలీలో. నీళ్ళు తక్కువ పొయ్యాలట. పైమట్టి వేలికి పొడిగా తగిలితేనే పొయ్యాలట. కింది వరస ఎండిపోతే మళ్ళీ రాదట. నేను తలూపాను. దాంతో నా బాధ్యత తీరిందనుకున్నాను.

నెల రోజులకి మొక్కని మాకు అప్పగించి ఆంటీ రైలెక్కింది. వెలుతురు బాగుంటుందని వరండాలో తులసి పక్కన పెట్టాను. అదే కొంప ముంచింది. మా అమ్మకి తులసి పక్కన ఉన్నది తులసితో సమానం. నేను వర్క్‌షాప్‌కి వెళ్ళాక స్నానం చేసి తులసికో చెంబు, దీనికో చెంబు. మధ్యాహ్నం బియ్యం కడిగిన నీళ్ళు. కుండీకి పసుపు రాసి మూడు కుంకుమ బొట్లు కూడా పెట్టింది. ఆ బొట్లు చూసి నవ్వుకున్నాను గానీ, బొట్టు పెట్టిన చెయ్యి నీళ్ళు పొయ్యకుండా ఊరుకోదని నాకు తట్టలేదు.

ఆంటీ రావడానికి పది రోజులుందనగా కింది వరస గోధుమరంగుకి తిరిగి వేలాడిపోయింది. కుండీలో వేలు పెడితే బురద.

"నీల్లు ఎవులు పొయ్యమన్నారమ్మా? సంపేసినావు దీన్ని!" అని కేకలేశాను.

"సెట్టన్నాక నీల్లొయ్యకపోతే ఎలాగరా? పరాయోల సెట్టని ఇంకాస్త ఎక్కువే పోసినాను" అంది అమ్మ.

అక్కడితో నా నోరు మూతపడాల్సింది. పడలేదు. నర్సరీ ఆయన చెప్పింది అమ్మకి నేనే చెప్పలేదన్న మాట మాత్రం ఆ నోట్లోంచి రాలేదు.

మర్నాడు సెలవు పెట్టి నర్సరీకి పరిగెత్తాను. ఆయన చెప్పినట్టే మొక్కని పైకి తీసి, కుళ్ళిన వేళ్ళు కత్తిరించి, పసుపూ బొట్లూ పోయేలా కుండీ కడిగి, ఇసక కలిపిన మట్టిలో మళ్ళీ నాటాను. ఎండిన వరస కోసేశాను. బతుకుతుందని ఆయన మాటివ్వలేదు. ఆ పది రోజులూ అమ్మ తులసికి నీళ్ళు పోసి, మొక్క వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయేది.

పండక్కి రెండు రోజుల ముందు ఆంటీ నల్లద్దాలతో దిగింది. మొక్క నాలుగు వరసలతో నిలబడింది, కొసన చిన్న చిగురు కూడా వేసింది. నేను నోరు తెరిచేలోపే అమ్మ ముందుకొచ్చింది.

"దీదీ, నా సేతులారా పాడుసేసినాను. ఒక వరస పోనాది" అంటూ కళ్ళొత్తుకుంది.

ఆంటీ అద్దాలు తీసి చెట్టుని పైనుంచి కిందికి తీరిగ్గా చూసింది. తర్వాత నా వైపు చెయ్యి చూపించింది.

"సిన్నప్పుడు ఈడికి పచ్చకామెర్లొస్తే, ఏడుస్తన్నాడని దొంగతనంగా కేకు ఎట్టినాను. డాక్టరు వద్దన్నా నాను ఇన్నేదు. ఇంకో వారం మంచం మీదే ఉన్నాడు. నువ్వు నన్ను ఒక్క మాటన్నావా?"

ఈ సంగతి నాకు తెలియదు. నాకు గుర్తున్నది కేకు రుచే. అమ్మ ఇన్నేళ్ళలో నాతో కూడా అనలేదు.

"పేమగా ఎట్టినావు. దానికి ఏటంతాను?" అంది అమ్మ.

"తప్పు నాదే. యేలెట్టి సూసి, మన్ను పొడిగుంటేనే నీల్లు పొయ్యమని నర్సరీ ఆయన సెప్పినాడు, నానే అమ్మకి సెప్పనేదు" అన్నాను, పది రోజులు ఆలస్యంగా. అమ్మ నన్ను ఒక్క చూపు చూసింది. కేకలు వెయ్యలేదు. ఈ ఇద్దరి చేతుల్లో పెరిగినందుకు నేనెంత అదృష్టవంతుణ్ణో ఆ వరండాలో నిలబడి అనుకున్నాను.

ఆంటీ ఇంకా కుండీల వైపే చూస్తోంది. "తులసికి బొట్టుంది, నా సెట్టుకి లేదేటి?" అంది.

అమ్మ కుంకుమ భరిణె తెచ్చింది. వంగి, ముందు మట్టిలో వేలు పెట్టి చూసింది. ఆ తర్వాత వేలు తుడుచుకుని బొట్టు పెట్టింది.