అడవి తేనెకు అరవై నాలుగు ప్రశ్నలు

ఎం.కామ్. పట్టా చేతికొచ్చిన ఆ కొత్తలో, లోకంలోని ఏ సంగతినైనా ఒక ప్రశ్నగా రాసి, దాని కింద నాలుగు గడులు గీసి, ఎదుటివాళ్ళ చేత ఒక గడిలో టిక్కు పెట్టిస్తే సత్యం దానంతటదే బయటపడుతుందని నేను గట్టిగా నమ్మేదాన్ని. (ఖమ్మం బస్టాండు దాటి భద్రాచలం రోడ్డెక్కేదాకా ఆ నమ్మకం బాగానే నిలిచింది.) మరీ పాతకాలపు ముచ్చటేం కాదు, అప్పటికే ఆకుకూరలమ్మే ఆవిడ కూడా గంపకు స్కానర్ అట్ట కట్టుకుని తిరుగుతోంది. కానీ ఇప్పుడు తలచుకుంటే, ఆ ప్రశ్నాపత్రాల కట్ట చంకలో పెట్టుకుని తిరిగిన పిల్ల ఎవరో దూరపు చుట్టంలా కనిపిస్తుంది.

నన్ను పనిలో పెట్టుకున్న ప్రొఫెసరు గారిని మేం చాటుగా ఫుట్‌నోట్ సార్ అనేవాళ్ళం. ఆయన టీ తాగుతూ "పంచదార తక్కువైంది" అని ఊరుకోరు. "తక్కువ అనే మాటను ఇక్కడ నా అలవాటును బట్టి వాడుతున్నాను" అని అడుగున ఒక వివరణ చేరుస్తారు. వడ్డీ లేని బ్యాంకింగు, ఇస్లామిక్ ఫైనాన్సు, హలాల్ పరిశ్రమ ఆయన పరిశోధనాంశాలు. ఊళ్ళు తిరిగి వివరాలు సేకరించే మనిషి కావాలంటే నేను దరఖాస్తు పెట్టాను. ఆయన నా పేరు చదివి, "మీకు విషయ పరిచయం ఉండే ఉంటుంది" అన్నారు. నేను తలూపాను. నా విషయ పరిచయమల్లా మా వీధి మొదట్లో మటన్ కొట్టు బోర్డు మీద ఆకుపచ్చ రంగుతో రాసిన 'హలాల్' అనే ఆ ఒక్క మాటే. మా ఇంట్లో తరతరాలుగా పరుపులు కుట్టడం వృత్తి, తెలుగు మాట్లాడటం అలవాటు. ఉర్దూ మా ఇంటికి పెళ్ళిళ్ళప్పుడు హైదరాబాదు చుట్టాలతో పాటు వచ్చి, మళ్ళీ వాళ్ళతోనే వెళ్ళిపోయేది.

మొదటి పని ఖమ్మం బజారులో. వ్యాపారులను కలిసి, "వడ్డీ లేని బ్యాంకు వస్తే మీరు వాడుకుంటారా?" అని అడగాలి. తాళాలు బాగుచేసే ఒక పెద్దాయనతో మొదలుపెట్టాను. ఆయన చేతిలో తాళం పక్కన పెట్టి, "అడుగుడేంది బిడ్డా, ఎప్పటిసంది ఇస్తున్నరు అప్పులు?" అన్నాడు. ఇది పరిశోధన మాత్రమే అని నేను చెప్పేలోపే ఆ కబురు నాలుగు దుకాణాలు దాటిపోయింది. సాయంత్రానికల్లా మా నాన్న పరుపుల కొట్టు ముందు జనం ఆధార్ జిరాక్సులు పట్టుకుని వరుసలో నిలబడ్డారు. వాళ్ళందరినీ ఒప్పించి పంపేసరికి నాన్నకు గొంతు బొంగురుపోయింది. మీసాల మీద దూది దులుపుకుంటూ, "నీ చదువేందో నాకు ఇన్నాళ్ళకు సమజైంది తల్లీ. నన్ను ఊరిడిపించే చదువది" అన్నాడు. ఫుట్‌నోట్ సార్ మాత్రం ఆ సంఘటనను "స్పందన ప్రోత్సాహకరం" అని రాసుకుని, నన్ను బ్యాంకుల నుంచి తప్పించి అడవికి పంపారు.

అడవి పని ఇదీ. సారపాకలో బస్సు దిగి, షేర్ ఆటోలో ఇంకో గంట లోపలికి పోతే ఒక చిన్న ఊరు. అక్కడి కోయ ఆడవాళ్ళంతా ఒక సంఘంగా ఏర్పడి, మగవాళ్ళు కొట్టుకొచ్చిన తేనెను వడగట్టి అమ్మేవాళ్ళు. హైదరాబాదు వ్యాపారి ఒకాయన, హలాల్ సర్టిఫికెట్ (ఇస్లాం ఆచారానికి సరిపోతుందని, అంటే మద్యం సోకలేదని చెప్పే కాగితం) ఉంటే ఆ తేనెను గల్ఫు దేశాలకు పంపుతానన్నాడు. సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళు తనిఖీకి రాబోయే ముందు, తేనె చెట్టు దగ్గర నుంచి సీసా దాకా ఎలా వస్తుందో ఒక నివేదిక కావాలి. అది మా సార్ ఒప్పుకున్నారు. ఆ ఆర్డరు కుదిరితే సంఘం వాళ్ళకు సంతలో దళారి చెప్పిన ధరకు తలవంచే బాధ తప్పుతుంది. అంచేత నేను ఆటో దిగగానే వాళ్ళు నాకు మంచం వేసి, మంచినీళ్ళిచ్చి, చుట్టూ కూర్చున్నారు. నేను ప్రశ్నాపత్రం తీశాను. అరవై నాలుగు ప్రశ్నలు. సార్ ఇంగ్లీషులో రాస్తే నేను తెలుగులోకి మార్చినవి. (తెలుగులోకి అని అప్పట్లో అనుకున్నాను.)

తేనె సంగతులన్నీ తెలిసిన ఒక ముసలమ్మ ఉండేది. ఊరంతా ఆమెను తేనె అవ్వ అనేవారు. నేను ఆమె ఎదుట కూర్చుని గొంతు సవరించుకుని చదివాను: "ఉత్పత్తి ప్రక్రియలో ఏ దశయందైనను మత్తు పదార్థ సంపర్కము కలదా?"

అవ్వ నన్ను జాలిగా చూసింది. "ఏందట?" అని పక్కనున్న సంఘం సెక్రటరీ అక్కను అడిగింది. అక్క కోయలో ఏదో చెప్పింది. ఆడవాళ్ళంతా కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

"ఏమన్నావక్కా?"

"'తాగి చెట్టెక్కుతరా' అని అడుగుతున్నదని చెప్పిన. తాగి ఎక్కినోడు దిగడు అంటున్నది అవ్వ."

నేను 'లేదు' గడిలో టిక్కు పెట్టబోతుంటే అవ్వ నా చెయ్యి ఆపింది. "ఉండు బిడ్డా, సక్కగ రాయి. తాగరు గానీ పోస్తరు. సీజను మొదలుబెట్టే నాడు చెట్టు మొదట్ల రెండు చుక్కలు సారా పోసి మొక్కినంకనే ఎక్కుతరు."

నా పెన్ను ఆగిపోయింది. దానికి గడి లేదు. ఇంకో ప్రశ్నకు పోదామని, తేనెటీగలు ఏ పూల మీద వాలతాయని అడిగాను.

"గీ కాలంల ఇప్పపూల మీద వాల్తయి. వద్దని వాటికెవరు చెప్తరు?"

ఆ ఊళ్ళో సారా కాచేది ఇప్పపూలతోనే. నేను చెట్టు కిందికి పోయి, సిగ్నలు దొరికే రాయెక్కి సార్‌కు ఫోను చేశాను. ఆయన అన్నీ రాసుకున్నారు. తర్వాత, "తేనెటీగ సారా తాగినట్టు ఆధారం ఉందా?" అన్నారు.

"లేదు సార్. పువ్వు మీద వాలినట్టు ఉంది."

"వాలడం అంటే ఏమిటో నిర్వచించండి. రెండు చుక్కలన్నారు, చుక్క పరిమాణం కూడా కనుక్కోండి."

చుక్క పరిమాణం అడిగితే అవ్వ నా నుదురు మీద చెయ్యి పెట్టి జ్వరం ఉందేమో చూసింది.

ఉన్నదున్నట్టు నివేదిక రాసి పంపాను గానీ, తనిఖీ తేదీ ఖరారయ్యాక నాకు నిద్ర పట్టలేదు. నా నిజాయితీ వల్ల వాళ్ళ ఆర్డరు పోతుందేమోనని భయం. దాంతో నాలోంచి ఒక పెత్తందారు లేచాడు. రెండు రోజుల ముందే ఊళ్ళోకి దిగి, సంఘం వాళ్ళ గోదాములో ఇప్పపువ్వు అన్నది కంటికి కనపడకూడదన్నాను. వడగట్టే గుడ్డలు ఉడకబెట్టించాను. తేనె పోసే పాత క్యాన్లు గీతలు పడి మాసిపోయి ఉంటే, అవి పనికిరావని పక్కన పెట్టించి, ఖమ్మంలో బేకరీ నడిపే మా మామను బతిమాలి ఆరు తెల్లటి క్యాన్లు తెప్పించాను. మామ వాటిని వేణ్ణీళ్ళతో రెండుసార్లు కడిగించాడు. నేను వాటి మీద తెలుగులో, ఇంగ్లీషులో, గూగుల్‌ను అడిగి ఉర్దూలో 'తేనె' అని రాసి అంటించాను. ఆ సీజనులో వడగట్టిన తేనెలో సగం ఆ ఆరింటిలోకి చేరింది, మిగతా సగం చోటు చాలక పాతవాటిలోనే ఉండిపోయింది. అవి గోదాములో వరుసగా మెరుస్తుంటే, నా అంతటి దాన్ని నేనే అనుకున్నాను.

తనిఖీకి వచ్చినాయన పెద్దవయసు వాడు. తెల్ల గడ్డం, భుజాన గుడ్డసంచి, మెత్తటి మాట. సంఘం గదిలో ఆయన కోసం దుప్పటి కప్పిన ఎత్తయిన ఆసనం ఒకటి అమర్చి ఉంది. ఆయన కూర్చోగానే అది సుతారంగా లోపలికి దిగింది. ఆ ఊళ్ళో సోఫా ఎక్కడిదా అనుకుంటూ సెక్రటరీ అక్కను చెవిలో అడిగాను.

"నువ్వే గదా గోదాముల నుంచి తీయమన్నవు. బయటేస్తే ఆవులు తింటయని ఇప్పపూల బస్తాలు ఇక్కడ పేర్చి దుప్పటి కప్పినం" అంది అక్క, చాలా తృప్తిగా.

ఆయన ఊపిరి గట్టిగా పీల్చి, "ఏదో తియ్యటి వాసన వస్తుందమ్మా. ద్రాక్ష ఎండబెట్టినట్టు" అన్నారు.

"అడవి సార్. అడవి వాసన" అన్నాను.

"అడవేంది? ఇప్పపువ్వు. నువ్వు కూసున్నయి అవే" అంది అవ్వ.

ఆయన లేచి, దుప్పటి ఎత్తి, బస్తా మూతి విప్పి గుప్పెడు పూలు తీసి చూశారు. ఈలోగా అవ్వ ఇంట్లోకి పోయి, నువ్వులూ బెల్లం కలిపి దంచిన ఇప్పపూల లడ్డూలు పళ్ళెంలో పెట్టుకొచ్చింది. వద్దని నేను కళ్ళతో సైగ చేశాను. అవ్వ చూపు మందమని అప్పుడే గుర్తొచ్చింది. ఆయన ఒకటి నోట్లో వేసుకున్నారు. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి రెండోది తీసుకుంటున్నారు.

"ఖర్జూరం తిన్నట్టే ఉంది. దీంతో సారా కూడా కాస్తారు కదమ్మా?"

"కాస్తం. లడ్డు గూడ చేస్తం. కూర గూడ వండుతం. పువ్వేం జేసింది పాపం, చేసేది మనం."

"ద్రాక్షకీ ఖర్జూరానికీ ఇదే కథ" అని ఆయన నవ్వారు. "మరి చెట్టు మొదట్లో పోస్తారట?"

"మొదట్ల పోస్తం. తేనె పైనుంటది. భూమి తాగుద్ది గానీ పట్టు తాగదు."

ఆయన కాగితం మీద రాసుకుంటూ, "తేనెకు తగలడం లేదు, నాకు కావలసింది అంతే. మీ మొక్కు సంగతి అడగడానికి నేను రాలేదు" అన్నారు. అవ్వకు ఆయన బాగా నచ్చాడు. మూడో లడ్డూ కూడా పెట్టింది. నా గుండె మీంచి బస్తా దించినట్టయింది. ఇంక భయం లేదనుకుని, నా క్యాన్లు చూపించడానికి నేనే ముందు నడిచాను.

ఆయన మొదటి క్యాను మూత తీసి వాసన చూశారు. మళ్ళీ చూశారు. రెండోదీ అంతే. తర్వాత పక్కనున్న మనిషి సాయంతో క్యానును మెల్లగా వంచి అడుగున చూశారు. అక్కడ సగం చిరిగిన స్టిక్కరు ఒకటి ఉంది. కళ్ళజోడు సర్దుకుని చదివారు: కేకుల్లో వేసే రమ్ ఎసెన్సు, ఆల్కహాలు కలిసినది.

"ఇవెక్కడివి?"

అందరూ నన్ను చూశారు.

"నేనే తెచ్చాను సార్" అన్నాను.

తేనెకు తగిలిన మత్తు చెట్టు దగ్గర లేదు, పూలలో లేదు, పట్టులో లేదు. ఊరికి ప్రశ్నలు వేయడానికి వచ్చిన పిల్ల దాన్ని ఖమ్మం నుంచి ఆరు క్యాన్లలో మోసుకొచ్చి, మూడు భాషల్లో పేరు రాసి మరీ పెట్టింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. మిగతాదంతా సరిగ్గా ఉందనీ, కొత్త క్యాన్లు కొని మిగిలిన తేనె వాటిలో పోయమనీ, ఈ ఆరు క్యాన్ల తేనె తినడానికి భేషుగ్గా ఉంటుంది గానీ సర్టిఫికెట్ కిందికి రాదనీ చెప్పి వెళ్ళిపోయారు.

అవ్వ క్యాన్లను చూసి కోయలో చిన్న మాట ఒకటి అంది. అర్థమేమిటని అక్కను అడిగితే, "నీ కాగితంల పట్టదులే" అంది.

గోదాము వెనక్కి పోయి ఏడ్చాను. వారాల తరబడి ఆ ఆడవాళ్ళు పిండి వడగట్టిన తేనె. నేను ఆ క్యాన్లు తేకపోతే అదంతా సర్టిఫికెట్‌తో పోయేది. కాసేపటికి అవ్వ వచ్చి నా పక్కన కూలబడింది. "ఏడిస్తే అమ్ముడువోద్దా? రేపు రోడ్డు మీద కూసుందం. నువ్వు గూడ రా" అంది.

భద్రాచలం పోయే రోడ్డు పక్కన మూడు రోజులు కూర్చున్నాం. మొదటి రోజు నేను కొనడానికి ఆగిన ప్రతివాళ్ళకూ, "అయ్యా, ఇది స్వచ్ఛమైన తేనె, అయితే ఇది ఇంతకుముందు వేరేది నింపిన పాత్రలో..." అని మొదలుపెట్టేదాన్ని. వాళ్ళు మొత్తం వినకుండానే బండి స్టార్ట్ చేసేవాళ్ళు. మధ్యాహ్నానికి అవ్వ, "బిడ్డా, నువ్వు జర అవతల కూసో" అంది. చెప్పకుండా అమ్మడానికి నాకు మనసొప్పలేదు, నేను చెబితే అమ్ముడుపోవడం లేదు. చివరికి అట్టముక్క మీద రాసి పెట్టాను: 'అడవి తేనె. కేకుల్లో వేసే రమ్ ఎసెన్సు క్యాన్లలో పోశాం. ఆ వాసన కొంచెం ఉంది. అందుకే ధర తక్కువ.' నా చేతిరాత వంకర వల్ల 'రమ్' అన్నది మాత్రం మిగతావాటికంటే పెద్దగా పడింది.

సారపాక కాగితం మిల్లులో కాంట్రాక్టు పని చేసే ఒకతను మోటారు సైకిల్ ఆపి అట్ట చదివాడు. సీసా మూత తీసి వాసన చూశాడు. "నిజమే రాసినరు" అని రెండు సీసాలు కొన్నాడు. మర్నాడు షిఫ్టు దిగి అతని దోస్తులు వచ్చారు. మూడో రోజు మధ్యాహ్నానికి ఒక్క సీసా మిగల్లేదు. మిగిలిన సగం తేనె కొత్త క్యాన్లలో, కొత్త సర్టిఫికెట్‌తో హైదరాబాదు వెళ్ళింది. మరుసటేడు సెక్రటరీ అక్క ఫోను చేసి, గల్ఫు ఆర్డరు మళ్ళీ వచ్చిందనీ, మిల్లు వాళ్ళు మాత్రం ఆ కేకు తేనె లేదా అని సతాయిస్తున్నారనీ చెప్పింది. సార్ పుస్తకంలో నా ప్రతాపమంతా ఒక పేజీ అడుగున చిన్న అక్షరాల్లో రెండు వరుసలైంది.

ఇప్పుడు నేనూ అలాంటి తనిఖీలకే వెళుతుంటాను. ఈ మధ్య వేంసూరు దగ్గర మామిడి తాండ్ర చేసే చోటికి పోయాను. అక్కడ కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె, ప్రతి కాగితాన్నీ ప్లాస్టిక్ కవరులో దోపి, రంగురంగుల చీటీలు అంటించిన ఫైలు గుండెలకు హత్తుకుని గేటు దగ్గరే నిలబడి ఉంది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ముందుగా ఏదైనా తేలికైన మాట అడుగుదామని, "పొద్దున ఏమైనా తిన్నావా అమ్మా?" అన్నాను.

ఆ పిల్ల కంగారుగా ఫైలు తెరిచి, జవాబు కోసం వెతకడం మొదలుపెట్టింది. నేను నవ్వలేదు. ఆ వయసులో నేనైతే పేజీ నంబరు కూడా చెప్పి ఉండేదాన్ని.