అక్క పుట్టిన గంట

ఈమధ్య మా అమ్మాయి తన కూతురి సంబంధాల కోసం ఫోన్లో జాతకాలు చూసే యాప్ ఒకటి పెట్టుకుని, పనిలో పనిగా పోయినేడు కాలం చేసిన మా అక్క వివరాలూ అందులో వేసింది. రెండో ప్రపంచ యుద్ధకాలం గనక ఒక గంట తగ్గించామని చెప్పి, అది క్షణంలో లగ్నం చూపించింది. ఆ ఒక్క గంట కోసం మా ఇల్లు పడ్డ యాతన అమ్మాయికి తెలియదు.

మా నాన్న రైల్వే మనిషి. ఇనుప గనుల కోసం కిరండూల్ లైను కొత్తగా వేసిన రోజుల్లో, విజయనగరం వైపు నుంచి నానమ్మనీ అక్కనీ నన్నూ వెంటబెట్టుకుని బస్తర్ వచ్చాడు. అమ్మ అప్పటికే లేదు. ఏ బట్ట ఆరేసినా ఎర్రదుమ్ము పట్టే ఆ క్వార్టర్‌లో, అక్కకి పెళ్ళీడు దాటిపోతోందని నాన్న దిగులుపడుతుండగా, సొంతూరి వైపు నుంచి ఒక బడిపంతులు సంబంధం వచ్చింది. ఫోటో చూసి అక్క వెంటనే తిరిగి ఇవ్వకపోవడంతో ఆమెకీ ఇష్టమేనని తెలిసింది.

వాళ్ళు అక్క పుట్టిన వేళ ఉత్తరంలో అడిగారు. నాన్న ఆనాడు స్టేషన్ గడియారంలో చూసిన వేళ చెప్పాడు. అయితే యుద్ధంలో గడియారాలు గంట ముందుకు తిప్పారు కదా, అమ్మాయి పుట్టేనాటికే తిప్పారా అని వాళ్ళ తరఫున జాతకం చూసే పెద్దాయన అడిగాడు. నాన్నకి గుర్తులేదు. తిప్పి ఉంటే దోషం లేదు, లేకుంటే ఉంది.

ఆ సంగతి తేల్చుకు రమ్మని కాలేజీ చదువుతున్న నన్ను జగదల్‌పూర్ పంపారు. లైబ్రరీలో ఒక లావుపాటి పుస్తకం అప్పటికే తిప్పారని చెప్పింది. ప్రాణం లేచొచ్చింది. ఎందుకైనా మంచిదని ఇంకొకటి తీస్తే, మొదట తిప్పింది బెంగాల్ వైపు తూర్పు రాష్ట్రాల్లోనేననీ, మావైపు అక్క పుట్టిన తర్వాతేననీ అందులో ఉంది. రెండూ పేరున్న పుస్తకాలే. ఏ ఆధారంతో రాశారో మాత్రం రెండింటిలోనూ లేదు. బస్సు దిగి ఇంటికొచ్చి నానమ్మని అడిగితే, కోడి కూసింది, ఇంకా చీకటిగానే ఉంది అంది. అది రెండు వేళలకీ సరిపోయేదే.

అప్పుడు, సంబంధం మాట్లాడటానికి ఊరి నుంచి వచ్చిన మా మేనమామ నెమ్మదిగా అన్నాడు, "మనకి నప్పిన పుస్తకమే నిజమనుకుందాం బావా. అచ్చులో ఉంది గదా."

నాన్న కలం తీశాడు. వంటగది గుమ్మంలో నిలబడ్డ అక్క చేతులు తుడుచుకుంటూ, "ఎవలికీ తెలీదని చెప్పీయండి నాన్నా. తెలిసినట్టు మాత్రం రాయొద్దు" అంది.

నాన్న ఉన్నదున్నట్టే రాశాడు. జవాబు రాలేదు. మరుసటి వేసవిలో ఆ పంతులుకి వేరేచోట పెళ్ళయిందని విన్నాం. ఆ తర్వాత అక్క ఏ సంబంధానికీ ఒప్పుకోలేదు. టౌన్‌షిప్ బడిలో చిన్నపిల్లలకి పాఠాలు చెప్పింది, మా అమ్మాయిని తనే పెంచింది. ఆ మాట అన్నందుకు బాధపడిందో లేదో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఇదంతా విన్నాక అమ్మాయి, "మరి ఈ యాప్ ఏ పుస్తకం చూసి చెప్పింది నాన్నా?" అంది. నాకు తెలీదన్నాను. అప్పట్లో ఒక మాట తేల్చుకోవాలంటే రోజంతా బస్సులో కూర్చోవాల్సి వచ్చేది, తేలకపోతే తేలలేదని ఇంటిల్లిపాదీ కలిసి మోసేవాళ్ళం. ఇప్పుడు జవాబులకి కొదవ లేదు. ఆ తెల్లవారుజామున అక్క తొలి ఏడుపు విన్నవాళ్ళు మాత్రం ఒక్కరూ మిగల్లేదు.