వించ్ మేస్త్రి జోకు

వించ్ మేస్త్రి కుడి చేతికి చివరి రెండు వేళ్లూ సగానికే ఉంటాయి. షెడ్డుకి కొత్తగా ఎవరొచ్చినా ముందు జీపు సంగతి మాట్లాడి, తర్వాత మెల్లగా ఆ వేళ్ల సంగతి అడుగుతారు. మేస్త్రి దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధమే.

"అవా? మా బావమరిది తినేశాడండీ. అడిగితే అన్నం పెట్టేవాళ్లం, ఆగలేకపోయాడు."

వచ్చినవాళ్లు పగలబడి నవ్వుతారు. మూలన వెల్డింగ్ చేసుకుంటున్న బావమరిది కూడా నల్లద్దాలు పైకెత్తి నవ్వుతాడు. బావాబావమరుదులన్నాక ఆమాత్రం వేళాకోళం లేకపోతే ఆ చుట్టరికానికే అందం లేదని మేస్త్రి నమ్మకం.

జరిగిందేమో నవ్వులాట కాదు. బురదలో కూరుకుపోయిన జీపుని బయటికి లాగడానికి దాని ముందు బంపర్ దగ్గర బిగించే యంత్రమే వించ్. స్విచ్ నొక్కితే మోటారు డ్రమ్ముని తిప్పుతుంది, డ్రమ్ము తాడుని చుట్టుకుంటుంది. అప్పట్లో అన్నీ ఇనప తాళ్లే. ఒకరోజు మేస్త్రి తాడుని వరసగా సర్దుతుంటే, తెగిన ఇనప పోగొకటి అతని చేతి తొడుక్కి తగులుకుంది. స్విచ్ బావమరిది చేతిలో ఉంది. మేస్త్రి అరిచాడు, అతను ఆపాడు. ఆ రెండింటి మధ్యలో వేళ్లు పోయాయి.

మేస్త్రి మనసులో ఏ కోశానా కోపం లేదు. లేదని అందరికీ తెలియాలనే ఆసుపత్రి మంచం మీదే ఆ జోకు మొదలుపెట్టాడు. అప్పట్నుంచి బావమరిది మాత్రం స్విచ్ ముట్టుకోలేదు. వించ్ కూర్చునే ఇనప ప్లేట్లు కోస్తాడు, వెల్డింగ్ చేస్తాడు, తాడు చుట్టేటప్పుడు డ్రైవరు సీట్లో కూర్చుని బ్రేకు తొక్కుతాడు. అంతే.

అలాంటివాడు నిన్న సాయంత్రం చేతులు కడుక్కుంటూ, "రేపొక్కరోజే వస్తా బావా. ఎల్లుండి నుంచి స్కూలు వ్యాను నడుపుతా, మాట్లాడుకున్నా," అన్నాడు. ప్లేటు బిగించడానికి ఇంకో మనిషి దొరుకుతాడు, అది కాదు మేస్త్రి బాధ. తన పెళ్లినాటికి నిక్కర్లేసుకుని తిరిగేవాడు వీడు. తన వెనకే తిరిగి పని నేర్చుకుని, భుజం ఎత్తు పెరిగాడు. ఇంత చల్లగా వెళ్లిపోతానంటే ఏమనుకోవాలి?

ఇవాళ పొద్దున్నే కొండదారుల్లో జనాన్ని తిప్పే ఒకావిడ జీపు పని మొదలైంది. వించ్‌లోకి వాగునీళ్లు దిగాయి. మేస్త్రి గేర్లు విప్పి కిరసనాయిలుతో కడిగి, కొత్త గ్రీజు పలచగా రాశాడు. ఎక్కువ పెడితే అది వించ్ బ్రేకుకి అంటుకుని పట్టు జారుతుంది. మోటారులో తుప్పు గీకి, గట్టిపడిన రబ్బరు సీలు మార్చాడు. పక్కనే బావమరిది చాసిస్‌కి ప్లేటు బిగిస్తున్నాడు. స్పానర్ ఇవ్వు, ఇదిగో తీసుకో, అంతకు మించి మాటల్లేవు.

మధ్యాహ్నం షెడ్డు వెనకున్న ఇంట్లో కంచం ముందు కూర్చుని మేస్త్రి భార్యని అడిగేశాడు. "మీ తమ్ముడికి నేనేం తక్కువ చేశాను?"

ఆవిడ కూర వడ్డించడం ఆపింది. "మీరేం తక్కువ చెయ్యలేదు. ఆ జోకే ఎక్కువ చేశారు."

"వాడూ నవ్వుతాడు కదా."

"నవ్వక ఏం చేస్తాడు? మీతో కలిసి అన్నం తిని ఎన్నాళ్లయిందో చూశారా? కంచంలో మీ చెయ్యి చూడలేక ముందే తినేసి లేచిపోతాడు. మీరు పుండు మీద కారం చల్లుతూ, మందు రాస్తున్నా అనుకుంటున్నారు."

మేస్త్రి కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. ఇన్నేళ్లూ తను దయతోనే చేశాననుకున్నాడు. సిగ్గేసింది, లేచి చెయ్యి కడుక్కున్నాడు.

ఎండ తగ్గాక జీపావిడ వచ్చింది. వించ్ బిగించడం అయిపోయింది, తాడు చుట్టడమే మిగిలింది. ఈ కొత్తరకం నైలాను తాడుని కూడా బరువు మీదే చుట్టాలి, లేకపోతే పై వరస కింది వరసలోకి దిగబడి ఇరుక్కుంటుంది. అందుకని షెడ్డు ముందున్న వాలు పైన, సిమెంటు స్తంభానికి తాడు కొక్కెం తగిలించి, జీపుని వాలు కింద నిలబెట్టారు. బావమరిది సీటెక్కాడు. మేస్త్రి స్విచ్ తీసుకోబోతుంటే ఆవిడ చూపు అతని చేతి మీద పడింది.

"ఆ వేళ్లకేమైందండీ?"

జోకు నాలుక చివరిదాకా వచ్చేసింది. మేస్త్రి దాన్ని మింగేశాడు. "తాడులో పడి నలిగాయండీ," అన్నాడు.

సీట్లోంచి బావమరిది దిగాడు. "స్విచ్ నా చేతిలో ఉందండీ. ఆపడం ఆలస్యమైంది," అన్నాడు.

ఆ మాట వాడి నోట రావడం అదే మొదటిసారి. ఎవరడిగినా ముందు మేస్త్రే నవ్వించేస్తుంటే, వాడికి చెప్పుకునే సందెక్కడిది? ఆవిడ "అయ్యో" అని ఊరుకుంది. ఎవరూ నవ్వలేదు.

బావమరిది చెయ్యి చాచాడు. మేస్త్రి స్విచ్ ఇచ్చేసి తను సీటెక్కబోయాడు.

"ఉండు బావా," అన్నాడు బావమరిది. "ఇంకా నొప్పి ఉంటుందా?"

ఏం లేదురా అనడం మేస్త్రికి అలవాటు. ఈసారి అనలేదు. "ఉంటుంది. చలికాలంలో బాగా సలుపుతుంది. నిద్ర పట్టదు."

వాడు ఆ చెయ్యిని తన చేతిలోకి తీసుకుని చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు.

"ఈ ముక్క అప్పుడే చెప్తే ఏం పోయేది బావా," అన్నాడు. "సీటెక్కు, బ్రేకు మెల్లగా తొక్కు. వ్యాను వాళ్లకి రేపు వెళ్లి రానని చెప్పొస్తా."