ఒక్క విజిల్

మొన్న ఆదివారం మా బావ విమానం నేల మీదికి ఎట్లా వచ్చిందో రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పక్క క్వార్టరు రాజయ్యలాగా సాగదీయను. రాజయ్య వాకింగ్ కోసం కొత్త బూట్లు కొన్నాడు. రోజూ పొద్దున వాటిని గేటు దాకా తీసుకుపోయి, చూపించి, వెనక్కి తెస్తాడు. సరే, ఆయన సంగతి వదిలేద్దాం.

బావ, నేను బొగ్గుబాయిలో కలిసి పనిచేసి రిటైరయ్యాం. బొగ్గు టబ్బులను తాడుతో లాగే ఇంజను ఆయన నడిపేవాడు. కింద నుంచి గంట కొట్టేది నేను. మూడు కొడితే పైకి లాగాలి, రెండు కొడితే కిందికి వదలాలి, ఒక్కటి కొడితే ఉన్నచోటే ఆపాలి.

ఇప్పుడు బావ వెనక గదిలో కూర్చుని రిమోట్ విమానాలు చేస్తాడు. మూడు విరిగాయి. నాలుగోదానికి వానాకాలమంతా పట్టింది. అది పూర్తయిన రోజు మా అక్క ఒకటే మాట అన్నది.

"ఇది గూడ ఇరిగితే గది ఖాళీ చెయ్యాలె. నా కుట్టుమిషన్ ఎన్నేండ్లు వరండాల నానాలె?"

అక్క మాటంటే మాటే. ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పినప్పటి నుంచి ఆ ఇంట్లో ఉప్పు మొహం చూసినవాళ్లు లేరు.

ఆదివారం పాత ఓపెన్‌కాస్టు గని తవ్వి పోసిన మట్టిగుట్ట ఎక్కాం. ఈ విమానానికి మోటరు లేదు. గాలి గుట్టకు తగిలి పైకి లేస్తుంది, దాని మీదే ఇది తేలుతుంది. ఆ రోజు గాలి మనిషిని నిలబడనివ్వలేదు. మాట వినిపించదు కాబట్టి ఎత్తు చూసి విజిల్ వేసే డ్యూటీ నాది. లెక్క పాత గంటల లెక్కే.

బావ వదలగానే అది ఈల వేసుకుంటూ దూసుకుపోయింది, తిరిగొచ్చింది, మళ్లీ పోయింది. కింద క్వారీలో పచ్చటి నీళ్లు. దూరంగా పవర్ హౌస్ పొగంతా ఒక పక్కకు వాలి ఉంది. ముప్పై ఏళ్లు చీకట్లోకి పోయే తాడును చూసినవాళ్లం. తాడు లేకుండా వెలుతురులోకి పోయేదాన్ని చూస్తూ ఇద్దరం నోళ్లు తెరుచుకుని నిలబడ్డాం. దుమ్ము పడుతున్నా మూయాలనిపించలేదు.

ఒక గద్ద వచ్చి అదే గాలిలో తిరగసాగింది. కాసేపు రెండూ చుట్టాల్లా ఒకదాని వెంట ఒకటి తిరిగాయి. అంతలో గద్ద సూటిగా విమానం మీదికి వచ్చింది. పాత అలవాటు నన్నడగలేదు. ఒక్క విజిల్ వేశాను.

బావ మెడలో వేలాడే రిమోట్ మీద నుంచి రెండు చేతులూ తీసేసి నా దగ్గరికి వచ్చాడు.

"ఆపిన. ఏమైంది?"

"ఆకాశంల ఎట్ల ఆపుతవ్ బావా?"

"మరి ఒక్కటెందుకు కొట్టినవ్?"

మేం ఇది తేల్చుకునే లోపల గద్ద తప్పుకుంది. విమానం మా ఇద్దరి పీడా వదిలిందన్నట్టు వెడల్పుగా ఒక చుట్టు తిరిగింది. కొంచెం కొంచెం దిగుతూ, పసిపిల్లను మంచం మీద పడుకోబెట్టినట్టు, గుట్ట వెనక గడ్డిలో వాలింది. అంత మెత్తగా బావ ఎన్నడూ దింపలేదు. ఒక్క రెక్కా వంగలేదు.

బావ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "గది దక్కింది బామ్మర్దీ," అన్నాడు.

తెచ్చిస్తానని నేనే ముందు ఉరికాను. గులకరాళ్ల మీద కాలు జారింది. పోయి విమానం మీదే కూర్చున్నాను.

వెనక గదిలో ఇప్పుడు కుట్టుమిషన్ ఉంది. అక్క దాని మీద మొదట కుట్టింది ఆ రోజు చిరిగిన నా ప్యాంటు.